ఎల్లాజీ తుడవని సర్వరు

"రెండువేల సంవత్సరం, మండు వేసవి. మా పెళ్లిసంబంధాల ఆఫీసులో కొత్త సర్వరు దిగింది," అని అటెండరు ఎల్లాజీ మౌలాలిలో జంగయ్య టీకొట్టు బెంచీమీద మొదలెట్టాడు. పక్కన ఆ ఆఫీసులో కంప్యూటరు చూసే ప్రిసిల్లా. ఎదురుగా నరసరాజు. అక్కడ పేరిచ్చి ఏడాదైనా ఒక్క సంబంధమూ రాని పెళ్లికొడుకు.

"పేర్లన్నీ ఎక్కించిన టేపు బోయిన్‌పల్లిలో ఓనరుగారి బీరువాలో ఉంది. తెమ్మన్నారు. ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాను. ఎన్ని గుంతలు తగిలినా ఒక్క పెళ్లికూతురి బొట్టు చెదిరితే ఒట్టు! కొత్త సర్వర్లో పెట్టి మీట నొక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది తాతా?" అన్నాడు జంగయ్య.

"టేపు ఇరుక్కుంది! పట్టుకు లాగితే మౌలాలి గుట్ట మీదిదాకా వచ్చింది. అందులోంచి పెళ్లికొడుకులు రాలడం షురూ. అందరూ సాఫ్ట్‌వేరే, ఒక్కడికీ ఎండ పడదు. రాత్రిబడిలో నేర్చుకున్న ఏబీసీడీలు ఊరికే పోతాయేటి? ఏ వాళ్లు ముందు, బీ వాళ్లు వెనక అని నేరేడ్‌మెట్ దాకా వరస కట్టించి, ఒక్కొక్కణ్నీ సర్వర్లోకి తోశాను. అంతలో కరెంటు పోయింది. చెరో చేత్తో తీగ పట్టుకుని నేనే కరెంటిచ్చాను. ఆ పూట సికింద్రాబాద్ స్టేషన్లో ఫ్యాన్లన్నీ నా కరెంటుతోనే తిరిగాయి!"

"ఏందీ, షాక్ కొట్టలేదా?" అన్నాడు జంగయ్య.

"దానికి నేనే కొట్టాను."

నరసరాజు ముందుకు వంగాడు. "ఎల్లాజీగారూ, నా పేరు ఎన్ కదా. వరసలో నన్ను చూశారా?"

"చూడకేం! టై కట్టుకున్నావు, చెమటలు కక్కుతున్నావు."

ప్రిసిల్లా గ్లాసు కింద పెట్టింది. "ఆ టేపు చెడిపోయి, పేర్లు ఎం దాకానే దిగాయి అంకుల్. ఎన్ నుంచి ఒక్క పేరూ రాలేదు. నేను సెలవు మీద వెళ్తూ ఏం చెప్పాను? కొత్తది సరిచూసేదాకా పాత సర్వరు ఎవర్నీ తుడవనివ్వొద్దన్నానా?"

"తుడవనిచ్చానేటమ్మా? స్వీపరుని గది గడప తొక్కనివ్వలేదు. గుడ్డ తగలనివ్వలేదు!"

"అదే అంకుల్. నేనన్నది పేర్లు తుడవొద్దని. మీరు దుమ్ము తుడవనివ్వలేదు. ఫ్యానుకి దుమ్ము పట్టి, పాత సర్వరు మాడిపోయింది. మిగతా పేర్లు అందులోనే ఉండేవి."

జంగయ్య టీ వడకట్టడం ఆపాడు.

"మాట అంటే మాటే," అన్నాడు ఎల్లాజీ. "తుడవలేదు."

ఆ ఏడు ఎన్ నుంచి జెడ్ దాకా ఎవరికీ ఆ ఆఫీసు నుంచి సంబంధం వెళ్లలేదు. నరసరాజుకి పెళ్లి కాలేదు.