ఉరుళి వైపు తిరిగే కెమెరా

పాలక్కాడ్ పక్క పల్లెలో పెళ్ళిభోజనాలు వండించే వత్సల వంటశాల. పొద్దున్నే పొయ్యిలు అంటుకుని, వాటి మీదికి ఉరుళులు, అంటే వెడల్పాటి కంచు వంటపాత్రలు, ఎక్కాయి. కంప్యూటర్లూ కెమెరాలూ బాగుచేసే జిన్సీ ఇప్పుడే స్కూటర్ దిగి లోపలికొచ్చింది.

"తలకాయ తిప్పుతోందంటే నమ్మవేం పిల్లా? పొద్దున్నే కల్లు తాగి చెప్తున్నానా నేను?"

"నమ్మనని ఎవరన్నారు వత్సలక్కా? తిరిగే రకం కెమెరానే కదా అది. తిప్పితే తిరుగుతుంది."

"అదే నేనడిగేది. తిప్పేదెవరు? కొబ్బరికాయలు ఎవడూ ఎత్తుకుపోకుండా గుమ్మం వైపు పెట్టించాను. అది గుమ్మాన్ని గాలికొదిలేసి, గిర్రున ఇటు తిరిగి, ఉరుళిలోకి తొంగి చూస్తోంది!"

"రోజూ తిరుగుతుందా?"

"రోజూ అయితే చెడిపోయిందనుకుందును. సాంబారు కాగుతుంటే తిరగదు. అవియల్ కూర కలుపుతుంటే తిరగదు. పాయసం పొయ్యెక్కిందో, ప్రత్యక్షం. పొయ్యి దగ్గర గరిటె తిప్పే మా కుట్టప్పన్ దానికి దండాలు కూడా పెడుతున్నాడు."

"దేవుడనుకునా?"

"చనిపోయిన వాళ్ళ నాన్ననుకుని. తీపంటే పడిచచ్చేవాడట."

"సరేలే. దాని పాస్‌వర్డ్ చెప్పక్కా, చూస్తాను."

"ష్! మెల్లిగా."

"ఇక్కడెవరున్నారు?"

"కుట్టప్పన్ లేడూ?"

"అయితే చెవిలో చెప్పు."

"నాకు గుర్తుంటేగా చెప్పడానికి. ఒరే కుట్టప్పా, ఆ మూల ఖాళీగా ఉన్న చిన్న ఉరుళి ఇలా పట్రా. ఆఁ, అంచు మీద చూడు జిన్సీ. వి.డి. అనుంది, ఆ తర్వాత ఫోన్ నంబరు, దాని పక్కనుందే, అదీ."

"అక్కా... పాస్‌వర్డ్ ఉరుళి మీద కొట్టించావా?"

"మరి? కాగితం మీద రాస్తే నూనె పడుతుంది. గోడ మీద రాస్తే సున్నం కొట్టేస్తారు. కంచు మీదైతే నా మనవరాలి పెళ్ళి దాకా చెక్కుచెదరదు."

"ఈ ఉరుళులు అద్దెకిస్తావు కదూ?"

"ముహూర్తాల రోజుల్లో ఒక్కటీ ఇంట్లో ఉండదు. షొర్నూర్ దాకా పోతాయి."

"అన్నిటి మీదా కొట్టించావా?"

"ఒక్కదాని మీదే కొట్టిస్తే, సరిగ్గా అదే అద్దెకి పోతే? ఆమాత్రం తెలివి నాకూ ఉందమ్మా."

"ఉంది. అవసరానికి మించే ఉంది. అసలు పాస్‌వర్డ్ అంటే ఏంటనుకుంటున్నావు?"

"తాళంచెవి."

"ఆ తాళంచెవికి నకళ్ళు తీయించి, షొర్నూర్ దాకా పంచిపెట్టావు."

"అంటే మా పాలక్కాడు జనమంతా దొంగలేనంటావు!"

"ఒక్కడు చాలక్కా. ఈ వి.డి. ఏంటి? వి అంటే వత్సల. డి?"

"డి సంగతి నీకెందుకు? తోమగా తోమగా అదే అరిగిపోతుంది. నువ్వు కెమెరా చూడు. ఇదంతా ఆ భార్గవన్ పనే. ఒలవక్కోట్‌లో కొత్తగా పెళ్ళివంటల బోర్డు పెట్టాడు చూడు, వాడు. నా పనస ప్రథమన్ పాయసం గుట్టు పట్టుకుపోవాలని చూస్తున్నాడు."

"అంత బాగుంటుందా నీ ప్రథమన్?"

"బాగుండేది. ఈమధ్య... చిక్కటి కొబ్బరిపాలు పొయ్యగానే విరిగిపోతోంది. మూడు పెళ్ళిళ్ళలో వరసగా విరిగింది. మొన్న ఒట్టప్పాలం పెళ్ళిలో వరుడి మేనత్త ఒక్క గుక్క తాగి, నా వంక చూసి, గ్లాసు ఆకు మీద బోర్లించేసింది. ఇవాళ మనిశ్శేరి వాళ్ళ పెళ్ళి. ఊళ్ళో సగం మంది వాళ్ళ చుట్టాలే. ఇవాళా విరిగిందంటే, ఓణం ఆర్డర్లన్నీ ఆ భార్గవన్‌కి నేనే పళ్ళెంలో పెట్టిచ్చినట్టు."

"భయపడకు. ముందు గోడ ఉందో లేదో చూడనీ. ఫైర్‌వాల్."

"నిప్పుగోడా? ఈ ఇంట్లో నిప్పుకేం తక్కువ?"

"నిప్పు కాదక్కా. పెళ్ళిలో భోజనాల హాలు తలుపు దగ్గర ఒక మేనమామ అడ్డంగా నిలబడతాడు చూశావా? బంతి లేచేదాకా ఎవరొచ్చి తోసినా కదలడు, తనకి తెలిసిన మొహమైతేనే పక్కనించి పోనిస్తాడు. ఆయనే ఫైర్‌వాల్."

"నా కెమెరాకి ఉన్నాడా ఆ మేనమామ?"

"ఉన్నాడు, నిద్రపోతున్నాడు. కొన్నప్పటి నుంచీ అప్‌డేట్ చెయ్యలేదు నువ్వు. చెయ్యమని అడుగుతూనే ఉంటుంది కదా?"

"అడుగుతుంది. తర్వాత అంటాను. పాపం, ఏమీ అనుకోదు."

"పైకప్పుకి చిల్లి పడితే పెంకు మార్పిస్తావుగా. అప్‌డేట్ అంటే అదే, తెలిసిన చిల్లి పూడ్చటం. ఈమధ్య ఫోన్‌లో వింత మెసేజ్ ఏదన్నా నొక్కావా?"

"నేనా? ఛ. నొక్కలేదు. అంటే... నొక్కాను. మీ ఆహార లైసెన్సు రద్దవబోతోంది, వెంటనే ఇక్కడ నొక్కండి అన్నాడు."

"నొక్కితే ఏమొచ్చింది?"

"ఏమీ రాలేదు. అందుకని మళ్ళీ నొక్కాను."

"అది గాలం అక్కా. ఫిషింగ్ అంటారు. ఆఫీసువాళ్ళలా మాట్లాడి, కంగారు పెట్టి, కొరికిస్తారు."

"నేను చేపననా?"

"విడిచిపెట్టినా వెనక్కొచ్చి మళ్ళీ కొరికిన చేపవి. ఆ ఫోన్ తర్వాత చూస్తాను. దీనికి మాత్రం రెండో తాళం పెడుతున్నా. పాస్‌వర్డ్ కొట్టినా సరిపోదు, నీ ఫోన్‌కొచ్చిన ఓటీపీ కూడా చెప్తేనే తెరుచుకుంటుంది."

"ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకువాడు రోజూ మొత్తుకుంటాడు. నీకెలా చెప్పను?"

"నాకూ చెప్పొద్దు. నువ్వే కొట్టు."

"అబ్బో! నీకు పిల్లనిచ్చే... అదే, నిన్ను చేసుకునేవాడు అదృష్టవంతుడే."

"ఆగక్కా. లాగ్ దొరికింది."

"ఏం దుంగ దొరికింది?"

"దుంగ కాదు. ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు, ఎప్పుడు పోయారని కెమెరా తనే గుర్తుపెట్టుకుంటుంది. గుమ్మంలో పన్నీరు చల్లేవాడికి వచ్చినవాళ్ళంతా తెలిసినట్టు. ఇదుగో... అక్కా, ఇది వింతగా ఉంది. వీళ్ళు ఉరుళి మీది పాస్‌వర్డ్‌తో రాలేదు."

"చూశావా! ఉరుళిని అనవసరంగా ఆడిపోసుకున్నావు. మరెలా వచ్చాడు భార్గవన్?"

"వేరే పేరుతో. అడ్మిన్‌గా."

"అడ్మిన్ అంటే?"

"యజమాని. కెమెరా తిప్పాలన్నా, ఒకరిని చేర్చాలన్నా, తీసెయ్యాలన్నా ఆ పేరుకే హక్కు. నువ్వు యూజరువి. ఊరికే చూసి పోవచ్చు."

"నా వంటింట్లో నేను చుట్టాన్నా!"

"ఈ కెమెరా పెట్టించినప్పుడు ఫోన్‌లో ఎవరు నొక్కారు ఇవన్నీ?"

"ఎవరో ఒకరు నొక్కారు. అప్పుడు ఇద్దరం ఉండేవాళ్ళం."

"దాక్షాయణమ్మా? డి అంటే ఆవిడేనా? ఇన్నేళ్ళు కలిసి వండారు కదా, ఎందుకెళ్ళిపోయింది?"

"ఆవిడ పేరు నా పొయ్యి దగ్గర ఎత్తకు. కొబ్బరిపాలు పిండే మిషను కొన్నానని అలిగిపోయింది. ఎవరికోసం కొన్నాను? రాత్రిళ్ళు చేతులు పట్టేసి మూలుగుతుంటే చూడలేక కొన్నాను. దానికి, నా చేతులు పనికిరాకుండా పోయాయా అంటుంది. నాకూ తిక్కరేగి, మిషనుకైతే నోరుండదులే అన్నాను."

"అయ్యో."

"అయ్యో ఏంటి, అన్న మాట నిజమే కదా! ఆ సాయంత్రమే కోయంబత్తూరులో కూతురింటికి బస్సెక్కింది. ఐదు నెలలు. చచ్చానో బతికానో అని ఒక్క ఫోన్ లేదు."

"నువ్వు చేశావా?"

"నేనెందుకు చేస్తాను? కుట్టప్పా, ఉరుళిలో అడుగు నుంచీ కలుపు! బెల్లం పట్టేస్తుంది!"

"అక్కా, ఈ వచ్చిపోయే మనిషి ఎక్కణ్ణుంచి వస్తోందో చూపిస్తోందిక్కడ. ఏ ఊరి ఇంటర్నెట్టో."

"ఒలవక్కోటేగా?"

"కోయంబత్తూరు."

"ఒరే కుట్టప్పా, మంట కాస్త తగ్గించు!"

"అక్కా?"

"భార్గవన్ బావమరిది ఉంటాడక్కడ."

"అక్కా."

"ఉంటాడంటున్నానా! ఏదో మిల్లులో."

"పేరు డి తోనే మొదలవుతోంది."

"దామోదరన్ అయ్యుంటాడు."

"సరే, దామోదరన్. ఇదుగో, ఈ అడ్మిన్ తాళం కూడా నీ చేతికి వచ్చేలా నేను చూస్తాను. ఆ తర్వాత ఒక్క నొక్కుతో ఆ పేరు తీసెయ్యొచ్చు. తీసెయ్యనా?"

"తీసేస్తే?"

"ఇక రాలేరు. చూడలేరు. వినలేరు."

"వినటమేంటి? అది వింటుందా?"

"మైకుందిగా. స్పీకర్ కూడా ఉంది, అక్కణ్ణుంచి మాట్లాడొచ్చు."

"ఎప్పుడూ ఒక్క ముక్క మాట్లాడలేదే!"

"మాట్లాడకుండా చూసిపోయారన్నమాట."

"మూడుసార్లు నా పాలు విరిగాయి. మూడుసార్లూ అలా చూస్తూనే ఉందా? నోట్లో ఏం పెట్టుకుంది?"

"ఉందా అంటున్నావు. దామోదరన్ అన్నావుగా?"

"నోరు ముయ్యి పిల్లా. ఇప్పుడు... ఇప్పుడుందా లోపల?"

"పాయసం పొయ్యి మీదుంది కదా. తలెత్తకుండా చూడు. అదుగో, తిరుగుతోంది."

"మెల్లిగా మాట్లాడు. ఇటు రా, బియ్యం బస్తాల వెనక్కి. మీ చదువులో ఇలాంటివాళ్ళని ఏం చేస్తారు?"

"తీసెయ్యటమో, పోలీసులకి చెప్పటమో."

"పోలీసులెందుకు మధ్యలో! ఇంకేం లేదా?"

"ఇంకోటుంది. హనీపాట్ అంటారు, తేనెకుండ. వచ్చేవాడు ఆశపడేదేదో కావాలని కళ్ళెదురుగా పెడతారు. ఆగలేక దాని మీద చెయ్యేశాడంటే, ఎవడో బయటపడిపోతాడు."

"ఆగలేనిది పెట్టాలన్నమాట."

"దామోదరన్ దేనికి ఆగలేడు?"

"ఒరే కుట్టప్పా! చక్కెర డబ్బా పట్రా!"

"చక్కెరా? ప్రథమన్‌లోకి బెల్లమే కదక్కా!"

"తెమ్మంటే తేరా! పెద్ద డబ్బా. మూత తీసి తే."

"అక్కా, నిజంగా పోసేస్తావా ఏంటి? మనిశ్శేరి వాళ్ళు నిన్ను..."

"అదే గట్టిగా అను జిన్సీ. కెమెరాకి వినపడేలా అరువు."

"అక్కా! పనస ప్రథమన్‌లో చక్కెర పోస్తున్నావా!"

"పోస్తానే! బెల్లం పాకం పట్టే ఓపిక ఎవడికుంది? తినేవాళ్ళకేం తెలుస్తుంది! తప్పుకో కుట్టప్పా, డబ్బా మొత్తం బోర్లిస్తున్నా!"

"ఒసేయ్ వత్సలా! దించవే ఆ డబ్బా! బుద్ధుందా నీకు, ప్రథమన్‌లో చక్కెరా? మనిద్దరి పేరూ గంగలో కలుపుతావా!"

"అక్కా... అక్కా, కెమెరా నోరు తెరిచింది!"

"నువ్వు కలపటం ఆపకురా కుట్టప్పా. చూశావా జిన్సీ, దొంగ దొరికింది. ఏమే దాక్షాయణీ, ఐదు నెలలు నోరు కట్టుకుని కూర్చున్నావు, నా పాలు విరుగుతుంటే కళ్ళప్పగించి చూశావు!"

"చూడక ఏం చెయ్యను? నా పేరు తీయించడానికి ఆ పిల్లని పిలిపించుకున్నావుగా! అన్నీ విన్నాను. తీసెయ్, శని విరగడవుతుంది. పాలు ఎందుకు విరుగుతున్నాయో ఆ నోరులేని మిషన్నే అడుక్కో!"

"అది ఇంకా అట్టపెట్టెలోనే ఉందే. నువ్వెళ్ళిన మర్నాటి నుంచీ పెరట్లో కూర్చుని నా చేతుల్తోనే పిండుతున్నాను. ఇప్పుడైనా చెప్పు దాక్షాయణీ, ఉరుళి దించాక చిక్కటి పాలు పొయ్యడానికి ఎంతసేపు ఆగాలి?"