బార్డరు కాడ ఆగిన గుండు

బాలనర్సయ్య నిమ్మకాయతో మొదలుపెట్టాడు. ఎల్లారెడ్డి బస్టాండు ఎదుట వెంకటి హోటల్లో కూర్చుంటే ఆయన నోరు ఊరుకోదు. ముప్పై ఏళ్లు బ్యాంకు గేటు దగ్గర తుపాకి పట్టుకుని నిలబడ్డ మనిషి. రిటైరయ్యాక తుపాకి పోయింది గానీ, దాని గొప్పలు మాత్రం రోజురోజుకూ పెరుగుతున్నాయి.

"బ్యాంకుకు రైఫిలు కొనాలె, నర్సయ్యా, నువ్వే ఏరాలె అని మేనేజరు సారు నన్ను పట్నం తోల్కపోయిండు. దుకాణపాయన జర్మనీదొకటి, ఇటలీదొకటి ముంగట వెట్టిండు. రెండూ ఒక గుండు పేలంగనే ఇంకోటి దానంతటదే ఎక్కేటియి. తుపాకి గుర్రం నొక్కుడే మన పని. వంద అడుగుల దూరంల నిమ్మకాయ వెట్టిచ్చిన. జర్మనీదానితోని కొడితే సరిగ్గ రెండు చెక్కలు!"

"మరి ఇటలీది?" అన్నాడు వెంకటి చాయ్ వడపోస్తూ.

"అదీ కొట్టింది గని గింజలు చితికినయి. అయినా అన్యాయం చెయ్యద్దని రెండిటినీ పోచారం చెరువు కట్ట మీదికి తెచ్చిన. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? అవతలి ఒడ్డున దోమ వాలింది..."

"దోమ గూడ కనవడ్డదా?" అన్నాడు వెంకటి.

"రైఫిలు మీద దుర్బిన్ ఉండె గదరా! దాని కుడిదిక్కు మీసం కొడతనని చెప్పి కుడిదే కొట్టిన. ఇగ ఇటలీదాని దమ్ము జూద్దామని ఆకాశం దిక్కు పేల్చిన. గుండు ఎల్లారెడ్డి దాటింది, బాన్సువాడ దాటింది, బిచ్కుంద దాటింది, మహారాష్ట్ర బార్డరు వచ్చింది. మన లైసెన్సు తెలంగాణ దాకనేనాయె! అక్కడ్నే ఆగి, ఎనుకకు మర్లి, చాయ్ చల్లారకముందే వచ్చి నా జేబుల వడ్డది."

అందరూ పకపకా నవ్వారు. నాగిరెడ్డిపేట సంపత్ ఒక్కడే నవ్వలేదు. అడవిపందులు అతని మక్కచేను సగం పాడుచేశాయి.

"నువ్వే దిక్కు కాకా," అన్నాడు లేచి. "పందులను కొట్టనీకి పర్మిషనున్న షూటరు సారు మా ఊరికి వచ్చిండు. కొత్త రైఫిలు కొంటడట, రెండు రకాలు తెచ్చిండు. ఎరుకున్న మనిషుంటే పేల్చి చూసి, ఏది మంచిదో చెప్పమన్నడు. అగో, జీపు తయారున్నది."

బాలనర్సయ్య మోకాలు పట్టుకున్నాడు. "ఇయ్యాల జర మోకాలు నొస్తున్నదిరా..."

"గుర్రం మోకాలుతోని నొక్కరు గదా కాకా!"

నిజం చెబితే పరువు పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోయేలా ఉంది. దేవుడా అనుకుంటూ లేచాడు. గ్లాసులో చాయ్ వేళ్ల మీదికి ఒలికింది.

అప్పటికే బీడీలు చుట్టే తునికాకు కట్ట చంకన పెట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి అంతా వింటోంది ఆయన భార్య భూదవ్వ.

"ఎక్కడికి తోల్కపోతవు సంపతూ? ముప్పై ఏండ్లల్ల ఒక్క గుండు పేల్చిన మనిషి గాదు. కాల్చుడు నేర్పనీకి పోలీసోళ్లు ఏటా గార్డులను పిలిస్తే, ఏటా ఆ దినమే ఈయనకు పంటినొప్పి! దీపావళికి చిచ్చుబుడ్డి నేనే ముట్టిస్త. ఈయన చెవులల్ల దూది వెట్టుకొని తలుపెనుక నిలవడతడు."

హోటల్ గొల్లుమంది. బాలనర్సయ్యకు మాత్రం నెత్తిన పాలు పోసినట్టయింది. పదిమందిలో అబద్ధాలకోరు అనిపించుకోవడంలో ఇంత సుఖముందని ఆయనకు ఇన్నాళ్లూ తెలియదు.

"నా ఇజ్జత్ తీస్తివి గదనే," అని గొణుగుతూ హాయిగా బల్ల మీద కూలబడ్డాడు.

"నీ చేతిల చాయ్ ఒలుకుడు చూసిన," అంది ఆమె మెల్లగా.

సంపత్‌కు ముందు కోపం వచ్చింది, ఆ తర్వాత నవ్వాగలేదు. "రైఫిలు సంగతి షూటరు సారే చూసుకుంటడు తియ్యి. నువ్వు మాత్రం రా కాకా. మంచె మీద కూసొని గీ కథ పందులకు చెప్పు. బార్డరు దాకా పోయొచ్చే గుండంటే అవే చేను ఇడిసిపెట్టి ఉరుకుతయి."

"దానికైతే ఎన్ని దినాలైన వస్త," అన్నాడు బాలనర్సయ్య మనస్ఫూర్తిగా. "ఆ రైఫిళ్లు మాత్రం నేను మంచె దిగేదాక జీపులనే ఉంచుమను."