తమ్ముడు నింపిన తూటాలు

అమెరికాలోని మోంటానాలో ఎల్క్ అనే పెద్ద దుప్పుల వేట మొదలైన రోజు. మధ్యాహ్నం అక్క ట్రక్కు వాకిట్లో ఆగీ ఆగకముందే తమ్ముడు గరాజులోంచి పరిగెత్తుకొచ్చాడు.

“అక్కా, నేను మందు నింపి ఇచ్చిన తూటాలు కాల్చావా?”

“పలకరింపు లేదు, పాడు లేదు. ఏమైందిరా?”

“ముందది చెప్పు! పొద్దున్నుంచీ ఫోన్ చేస్తూనే ఉన్నా.”

“కొండ మీద సిగ్నల్ ఎక్కడ ఏడ్చింది? ఎందుకా గాభరా?”

“తుపాకి మందు తూచి పోసే మెషిన్ పక్కనే హీటర్ పెట్టుకున్నా. ఆ గాలికి తూకం తప్పింది. పొద్దున హీటర్ ఆపి, మిగిలిన తూటా ఒకటి విప్పి తూస్తే మందు బాగా ఎక్కువుంది. కాల్చుంటే తుపాకీ నీ మొహం మీదే పేలిపోయేది!”

“మెషిన్ కుయ్‌మంటే చాలు, కళ్ళు మూసుకుని పోసేస్తావు. ఇదిగో నీ పెట్టె. అంటించిన టేపు కూడా ఊడలేదు.”

“హమ్మయ్య! ఉండు, కాసేపు కూర్చోనీ. మరి దేంతో వేటాడావు?”

“నేను నింపుకున్నవాటితో. ఇంకొకళ్ళు నింపిన తూటా మన తుపాకీలో పెట్టకూడదని నాన్న చెప్పలేదూ?”

“నేను ఇంకొకణ్ణా? అయితే ఏటా నీ పుట్టినరోజుకి ఇచ్చినవో?”

“బీరువాలో ఉన్నాయి, రిబ్బన్లతో సహా.”

“ప్రతిసారీ ‘భలే పేలాయిరా’ అన్నావు కదా!”

“నీ మనసు నొప్పించడమెందుకని.”

“నీకు దణ్ణం పెడతానక్కా. ఎప్పటికీ ఇలాగే నన్ను నమ్మకుండా ఉండు.”

“అది నువ్వు చెప్పాలట్రా? లే, ట్రక్కులోంచి ఎల్క్‌ని దింపుదాం.”