వీధికి వీపు

సిసిలీ తీరంలో ఒక పాత ఊరు. పడవల రేవు నుంచి పైకెక్కే సన్నటి వీధి. సాయంత్రం. మూసిన తలుపుకేసి మొహం పెట్టి, కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్న ముసలావిడ నున్సియా. ఆమె వెనక మునిసిపాలిటీ వీధి పోలీసు సారో.

"...నీకే చెబుతున్నా. ఒకసారి ఇటు తిరుగు."

"తిరగను. ఈ వీధి ఆడవాళ్ళం ఇంటికి మొహం, వీధికి వీపు పెట్టి కూర్చుంటాం. మా అమ్మా అంతే, వాళ్ళమ్మా అంతే. నా వీపుతో మాట్లాడు సారో, అది వింటుంది."

"యూనిఫాంలో ఉన్నా. సారో, గీరో అనకు."

"సరే, సారూ."

"వేళాకోళం వద్దు జ్ఞానమ్మా."

"నీ జ్ఞానస్నానం రోజు గుళ్ళో నిన్నెత్తుకుని, నీకు జ్ఞానతల్లినైన జ్ఞానమ్మనే. స్నానం బాగానే జరిగింది. జ్ఞానం సంగతే ఇంకా తేలలేదు."

"కొత్త ఉత్తర్వు వచ్చింది. ఊరు చూడ్డానికొచ్చేవాళ్ళు నడిచే వీధుల్లో, ఇళ్ళ ముందు కుర్చీలు ఉండకూడదు."

"ఉత్తర్వులో మొదటి సగం ఉత్తదే."

"మేయరు సంతకం చేశాడు."

"మొన్న ఎన్నికల్లో తన కుర్చీ కోసం నా గుమ్మం ఎక్కాడు. ఇవాళ నా కుర్చీ ఆయన కంట్లో పడిందా?"

"నా విధి నేను చెయ్యాలి కదా."

"చెయ్యి. నీ విధి నీది, నా వీధి నాది."

"జరగకపోతే జరిమానా రాయాల్సొస్తుంది."

"జరిమానాకి జరుగుతానా? జరిగేది జరగనీ, నేను మాత్రం జరగను."

"అబ్బా... వెనక జర్మనీవాళ్ళు గుంపుగా ఆగిపోయారు. నువ్వుంటే ఇద్దరు పక్కపక్కన పట్టరు."

"ఒక్కొక్కళ్ళే పొమ్మను. స్వర్గానికైనా అలాగే పోవాలి."

"నీ ఫోటోలు తీస్తున్నారు."

"వీపే కదా, తీసుకోనీ. ఈ వీధిలో అంత చరిత్ర ఉన్న గోడ ఇంకోటి దొరకదు వాళ్ళకి."

"నిన్ను వెళ్ళిపొమ్మనట్లేదు. కుర్చీ లోపల వేసుకో, కిటికీ తెరుచుకో, గాలి వస్తుంది. అంతేగా?"

"లోపల ఉక్క."

"అదే, కిటికీ తెరిస్తే—"

"సారో, ఈ చిక్కుళ్ళు చాలవని నువ్వో చిక్కు. వెళ్ళు నాయనా."

"వెళ్తాలే. కాసిని నీళ్ళియ్యి ముందు. చిన్నప్పుడు పిలిచి మరీ ఇచ్చేదానివి, నిమ్మకాయ పిండి."

"రేవు దగ్గర కుళాయి ఉంది."

"ఇల్లు ఎదురుగా పెట్టుకుని కుళాయా?"

"యూనిఫాంవాళ్ళకి కుళాయే."

"అలిగావా? పలెర్మో నుంచి బదిలీ అయి సోమవారమే దిగాను. ఉత్తర్వు రాసింది నేను కాదు."

"అలగలేదు."

"అలిగావు. సరే, నేనే తెచ్చుకుంటా. కూజా ఎక్కడుంటుందో నాకు తెలుసు... ఇదేంటి? తలుపుకి ఈ డబ్బా ఏంటి?"

"ముట్టుకోకు."

"అంకెలున్నాయి. నొక్కితే తాళంచెవి ఇచ్చేది. బాడుగకిచ్చే ఇళ్ళకి పెడతారు కదూ ఇది?"

"పెడతారు."

"నీ ఇంటికెందుకు?"

"ఈ ఏడాది గింజల్లో పుచ్చులెక్కువ."

"జ్ఞానమ్మా."

"వినబడుతోంది, చెవుడు లేదు."

"లోపల ఎవరుంటున్నారు?"

"నిన్నటిదాకా హాలెండువాళ్ళు. రాత్రికి ఇంకెవరో దిగుతారు. మా ఆయన ఆస్పత్రి, ఆ తర్వాత ఆయన చావు... అమ్మేశాను. కొన్నది మిలానో మనిషి. మర్యాదస్తుడే, కూజా మాత్రం పారేశాడు."

"మా అమ్మ ఒక్క ముక్క చెప్పలేదు."

"పునీత యోహాను మీద ఒట్టు వేయించుకున్నా. దూరాన ఉన్నవాడికి ఎందుకని."

"మరి నువ్వు ఎక్కడ—"

"కొండ మీద కొత్త బ్లాకుల్లో, నాలుగో అంతస్తు. అక్కడా కుర్చీ వేసి చూశాను. తలుపు బయట లిఫ్టు. లిఫ్టుకి వీపు పెట్టి కూర్చుంటే పలకరించేదెవరు? ఎక్కేవాళ్ళు ఎక్కుతారు, దిగేవాళ్ళు దిగుతారు."

"రోజూ కొండ దిగి వస్తున్నావా?"

"బస్సులో. కుర్చీ మడతది, చూళ్ళేదా? డ్రైవరు అందుకుంటాడు పాపం."

"అది కాదు... జ్ఞానమ్మా, ఎలా చెప్పను... అమ్మేసిన ఇంటి ముందు కూర్చోవడానికి నీకింక—"

"ఇల్లమ్మాను. వీధి అమ్మలేదు. అమ్మానంటే ఆ పత్రమేదో మీ మేయర్ని తెమ్మను."

"ఆయన నన్నడుగుతాడు. మిగతావాళ్ళంతా కుర్చీలు తీశారు, నువ్వొక్కదానివే."

"మిగతావాళ్ళకి లోపలికెళ్ళడానికి లోపల ఉంది."

"ఇదిగో, జరిమానా పుస్తకం తీస్తున్నా."

"తియ్యి సారూ. దాహమేస్తే మాత్రం కుళాయి అటే."

"ఏదో ఒకటి రాయకుండా వెళ్తే నా ఉద్యోగం ఉండదు, చెబుతున్నా."

"రాయి. నేనొద్దన్నానా? పేరు నున్సియా. ఉండేది కొండ మీద బ్లాకుల్లో. వచ్చిన పని, ఊరు చూడ్డం. చూడ్డానికొచ్చేవాళ్ళ కోసమేగా ఊరంతా ఖాళీ చేయిస్తున్నారు, నేనూ వచ్చాను. ఇంక పక్కకి తప్పుకో సారో, నువ్వు నించుంటే నా తలుపు కనబడట్లేదు."