గంట కొట్టని పొద్దు

1938లో పెద్ద శుక్రవారం తెల్లారినాక, రాజపాళయంలో మాతా కోవిలి అనే చర్చి వాకిట్లో, సేత్తూరు దారిలో చేను ఉండే రాజుగారు గంట కొట్టే కోవిలి పిళ్ళైని నిలదీసినాడు.

“ఏమప్పా, పొద్దుటి గంట కొట్టలేదే? అది వింటేనే కదా కాలువ నీళ్ళు నా చేనికి తిరిగేది! పక్కవాడు ఇంకా పారించుకుంటానే ఉండాడు.”

“ఏసుసామి చనిపోయిన దినాలయ్యా. ఈ పొద్దూ రేపూ కొట్టకూడదు.”

“ఈ కోవిలి కట్టేటప్పుడు గంటకు కంచు ఇచ్చింది మా తాత. అప్పటి నుంచీ నీళ్ళ మురై, ఎవరి వంతు ఎప్పుడనేది, దీని మీదనే. నిరుడు మీ నాయన కొట్టలేదా?”

“కొట్టలేదయ్యా. బతికినన్నాళ్ళూ, ఏటా ఈ రెండు దినాలు చీకటితోనే నడిచి వచ్చి మీ గట్టు మీద నిలబడినాడు. ఈ ఏడు నేను మరచిపోతి.”

“ముసలాయన వచ్చేది తెలుసు. ఆయన కనబడితే పొద్దయిందని కాలువ మడవ తిప్పుకుంటా ఉంటిమి. పండగకు వడ్లు అడగను వస్తాడనుకుంటి.”

“నలభై ఏండ్లలో ఒక్కసారన్నా అడిగినాడా అయ్యా?”

“...లేదు. నీళ్ళు తిరిగినాయని చూసుకొని, వచ్చిన దారినే పోతా ఉండె.”