చీటీలో పేరు

హలో… ఆ, నేనే, నీలమ్మనే. ఈ ఇంట్ల నేను గాక ఇంకెవరున్నరే ఫోను ఎత్తనీకి.

…తిన్న. పప్పుచారు. నిన్నటిది గాదు, పొద్దుగాల చేసిన. ఇద్దరికి సరిపోయేటట్టు చేసిన మల్ల. చెయ్యికి గట్ల అలవాటైంది.

…నాది ఇడువు. మీరెక్కడున్నరు? ఇంకా నాగపూర్ కాడనే? రేపు భోపాల్ పోవాలె గద మీరు.

…మంచిగుంది. పద్నాలుగు మంది, రైలు, పాటలు, పూరీలు. చర్చి గ్రూపుల ప్రేమ్‌రాజ్ ఫోటోలు పెడుతనే ఉండు, చూస్తనే ఉన్న. కుష్ఠు రోగుల ఆశ్రమం ముంగట నిలబడి నవ్వుతున్నవ్. పండ్లన్ని కనబడుతున్నయ్. పురానాపూల్ల ఒక్క వాకిట్ల ఇద్దరం ఇరవై ఏండ్లు ఉన్నం సువార్తా, గట్ల నవ్వంగ నేనెన్నడు చూడలే.

…ఎండకా? ఎండ కొడితే ఎవరన్న గట్ల నవ్వుతరా.

…ఆ సోనీ నీ బుజం మీద చెయ్యేసింది. రైల్ల గూడ నీ పక్కకు ఆమెనే అంట. పొద్దుమాపు వాక్యం చదివి వినిపిస్తుందంట. ఆమె ఫోన్ల అన్నదని మన పక్కింటి భాగ్యశ్రీ చెప్పింది.

…నేనేమన్న అన్ననా. చదవనీ. కాలేజీల చదివిన పిల్ల, నీళ్లు తాగినట్టు చదువుతది. నేను దుకాణాల బోర్డులు చూసి, పొట్లాల కాగితాలు చూసి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. నడుమ నడుమ ఆగుత. నీకు చదువు రాదు గనక నాతోటి ఎల్లదీసినవ్ ఇన్నేండ్లు.

…గాని మనం ఏడ ఆగినమో ఆమెకేం తెలుసు? నేను బైబిల్ల పేజీ మూల మడిచి పెట్టిన. —దాటిపోయిన్రా? ఎంత దూరం?

…పదకొండు అధ్యాయాలు. ఊ. మంచిది.

…కోపం గాదే. నా గొంతే గింత.

…ఎవరామె? …కౌసల్యాబాయి. …చేతులకు వేళ్లు లేవా. అయ్యో. …నువ్వు పుండ్లు కడుగుతుంటే ఏడ్సిందా. నీ చెయ్యి సల్లగుందన్నదా.

…సంబురమే. దవఖానల ఇద్దరం ఆయాలమే గద, నేను గూడ ముప్పై ఏండ్లు కడిగిన. నా చెయ్యి సంగతి ఎవ్వరు చెప్పలే.

…ఏం ఇచ్చినవ్ ఆమెకు? బొంతనా? ఏ బొంత? …నీలం అంచుదా? మన ఇద్దరి పాత చీరెలేసి కుట్టింది?

…సలి పెడుతదంటే మస్తు బొంతలున్నయ్ గద. పంచనీకే చర్చి ఆడోళ్ల సమాజంల అందరం ముప్పై ఆరు కుట్టినం. అవన్ని ఉండంగ అదే దొరికిందా నీకు. అది పంచనీకి పెట్టింది గాదే. రైల్ల నువ్వు కప్పుకుంటవని నీ సంచిల పెట్టిన.

…సరే. ఇచ్చినంక ఏమంటం. అడుగుతమా.

…ఏంది? మల్ల చెప్పు, గల్లీల ఆటో పోతుంది.

…ఉంటవా? ఆడనే? …ఎన్ని దినాలు?

…దినాలు గాదా.

…

…ఆగు. కుర్చీ గుంజుకున్న.

…ఆశ్రమమోళ్లు అడిగిన్రా. పుండ్లు కడిగే మనిషి మానేసిందా. వాళ్లు నిన్ను నాలుగు దినాలు చూసిన్రు, ఉండుమన్నరు. నేను ఇరవై ఏండ్లు చూసిన. ఉండుమని ఒక్కనాడు అనలే. అనాలెనా గది? ఉన్నదాన్ని ఎవరన్న ఉండుమంటరా?

…ఆ మాట అనకు. …అనకు సువార్తా. దేవుడు చీటీల నీ పేరే తీసిండు గనక నీ పని ఆడనే ఉందని అనకు.

…ఎందుకంటే ఏం చెప్పాలె. —జెర ఇను. నడుమ మాట్లాడకు, మాట్లాడితే నేను చెప్పలేను.

మీ ప్రయాణానికి ఒక్క సీటు మిగిలింది. నీ పేరు, నా పేరు. రెండు చీటీలు నేనే రాసిన. ఇస్సాకు అయ్యగారు ప్రార్థన చేసి ఒకటి తీసిండు. అద్దాలు ఇంట్ల మరిచొచ్చిండు గద, ‘చదువు నీలమ్మా’ అని నా చేతికిచ్చిండు. నేను సువార్త అన్న. అందరు చప్పట్లు కొట్టిన్రు. నువ్వు మోకాళ్ల మీద పడ్డవ్.

అండ్ల నీ పేరు లేదే. నా పేరుండె.

…

హలో. …ఉన్నవా.

…ఎందుకేంది. భయమయ్యింది. నా చెల్లెను హాస్టల్ల చేర్పిస్తమంటే నాంపల్లి స్టేషన్ల రైలెక్కించింది నేనే. తొమ్మిదేండ్లది. కిటికీల కెళ్లి చెయ్యి ఊపింది. ఆఖరుకు ఆ చెయ్యే నేను చూసుడు, మల్ల రాలే. నా పెనిమిటి పనికని రైలెక్కిండు, ఆయన గూడ దిగి రాలే. చీటీల నా పేరు చూడంగనే నోట్లకెళ్లి నీ పేరొచ్చింది. పది దినాలే గద, వస్తదిలే అనుకున్న.

ఆ దినం నుంచి కడుపుల మంటనే. ఫోటో చూస్తే నా సీట్ల నువ్వు కూసున్నట్టుంటది. నా పూరీలు నువ్వు తిన్నట్టుంటది. ఆ కౌసల్యాబాయి ఏడ్వాల్సింది నా చేతుల.

అందుకే చెప్తున్న. నిన్ను దేవుడు పంపలే. నేను పంపిన, అబద్ధం చెప్పి. ఇగ ఆడ ఉండాల్సిన పని లేదు నీకు. అందరితోటి రా.

…ఏంది? …తెలుసా?

…ఎప్పటికెళ్లి తెలుసు?

…ఆ చీటీ దాసుకున్నవా. …ఔ, నేనిచ్చిన, అడిగితివి గద. …నీ పేరు రాస్తే ఎట్లుంటదో ఎన్నడు చూడలేదని, రైల్ల సోనీకి ఇచ్చి ఏ అక్షరం ఏందో చూపియ్యిమన్నవా. …చూపిచ్చిందా. …నీలమ్మ అని చదివింది.

…నాకు సిగ్గయితుందే.

…మరి తెలిసినంక కాజీపేట కాడ దిగి రాకపోతివి. …ఊ. …‘అక్క పోలేకనే నన్ను పంపింది, అక్క పని గూడ నేనే చేసొస్త’ అనుకున్నవా.

…మరి ఇందాక దేవుడు తీసిండని ఎందుకంటివి? …నేను చెప్తనో లేదో చూసినవా. అరవై ఏడేండ్లొచ్చినయ్, నీ కతలు పోలే.

…అదే అడుగుతున్న, నీ మనసుల ఏముంది? …ఉండాలనే ఉందా. …నేను రమ్మంటే వస్తవా. నిజంగనా. …అట్ల నా నెత్తి మీద పెట్టకే.

…ఆగు. చాయ పొంగుతుంది, స్టవ్ బంద్ చేసొస్త.

…ఆ, చెప్పు. …ఏం లేదు, రెండు గిలాసలు పెట్టుకున్న మల్ల.

…సువార్తా. ఆడికి వచ్చే బండి నాంపల్లిల ఎక్కాల్నా?

…సికింద్రాబాదా. మీరు ఆడనే ఎక్కిన్రా. నాంపల్లి గాదా. …ఊ. అయితే సరే.

…నువ్వు రాకు. నేనే వస్త. కింది బెర్త్ చూడుమని ప్రేమ్‌రాజ్‌కు చెప్పు. భాగ్యశ్రీ ఎక్కిస్తది, నువ్వు ఆడ దింపుకో. ప్లాట్‌ఫారం మీద నిలబడాలె నువ్వు, బండి ఆగకముందే కనబడాలె నాకు.

…ఉండనీకి అని ఎవరన్నరు? చూడనీకి. ఆ బొంత కౌసల్యాబాయి ఎట్ల కప్పుకుంటుందో చూడాలె. పోవుడా, ఉండుడా, వచ్చినంక చూసుకుంట.

…ఇంకోటి. నేను వచ్చేదాక వాక్యం ముట్టకున్రి. మూల మడిచిన కాడికెళ్లి మల్ల నేనే చదువుత. పదకొండు అధ్యాయాలు, అన్ని. ఆగుకుంట చదివినా ఇనాలె నువ్వు.

…సోనీ ఏమనుకుంటే నాకేంది.

…నవ్వకు. …నవ్వకే, ఈడికి కనబడుతున్నయ్ నీ పండ్లు. పెట్టేస్తున్న.