ఆరని సముద్రం

పంతొమ్మిది వందల అరవై ఎనిమిది వేసవి. కళింగపట్నం ఒడ్డున నెత్తళ్ల చేపలు ఎండబెట్టుకుంటున్న ఆమె, పక్కనే కూర్చుని సముద్రం బొమ్మ వేస్తున్న బడి మేష్టారి భుజం మీదుగా తొంగిచూసింది.

“ఏటి బాబూ, మూడు వారాల్నుండి అదే సముద్రవా?”

“సోమవారం నాకు డ్రాయింగు పరీక్ష. తప్పితే ఉద్యోగం పోతుంది. నవ్వకు.”

“నవ్వలేదు. ఆ నల్లటిదేటి, సచ్చిన గేదా?”

“తెప్ప!”

“అయ్యబాబోయ్! ఇలాటి తెప్పెక్కుంటే మావోడు ఎప్పుడో ములిగిపోయేవోడు.”

“ఎండలో పెట్టి గంటైంది. రంగు ఇంకా చేతికి అంటుతోంది. అదే అర్థం కావటం లేదు.”

“పొద్దున్న పరిసిన నా నెత్తళ్లే ఆరిపోతన్నాయి. ఏ నీళ్లతో కలిపినావు?”

“ఎదురుగా ఇన్ని నీళ్లుండగా, ఊళ్లోంచి మోసుకు రావడమెందుకని...”

“ఉప్పునీళ్లా! సముద్రంలో తడిసిన పంచి మంచినీళ్లలో జాడించకుండా ఎప్పుడైనా సరిగ్గా ఆరినాదా? పిల్లలకి ఏటి సెప్తన్నావు బాబూ బళ్లో?”

“సరే, తప్పే. మొత్తం బొమ్మలో ఒక్కటైనా బాగులేదా?”

“ఎందుకు నేదు? ఆ నురగ సూడు. ఇసక మీదకి ఉరికొస్తన్నట్టే ఉన్నాది. అదెలాగేసినావు?”

మేష్టారు కుంచె కింద పెట్టారు.

“అక్కడ నేనేమీ వెయ్యలేదు. కాగితం తెల్లగా వదిలేశాను.”

“మరింకేటి! సోమారం కాయితం నిండా అదే ఎయ్యి బాబూ. ఉజ్జోగం నిలబడతాది.”